ఓడలో డెబిట్ కార్డు, ఇంట్లో బౌన్స్ అయిన ఈఎంఐ

ప్రశ్న: మాది మియాపూర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికొచ్చే జీతం 1.35 లక్షలు. నాన్నగారి షష్టిపూర్తి సందర్భంగా అమ్మానాన్నలను, భార్యను, పాపను తీసుకుని సింగపూర్ నుంచి పినాంగ్, ఫుకెట్ తిరిగొచ్చే 4 రాత్రుల క్రూయిజ్‌కి వెళ్లాను. టికెట్ డబ్బు ముందే కట్టేశాం. ఓడలో ఖర్చులకి శాలరీ అకౌంట్ డెబిట్ కార్డు ఇచ్చాను. క్రెడిట్ కార్డు ఉంది కానీ, తీసుకెళ్తే ఖర్చు చెయ్యి దాటుతుందని ఇంట్లోనే పెట్టి వెళ్లాను. 5న దిగేటప్పటికి బిల్లు 912 డాలర్లు అయింది. ఖాతాలో మాత్రం దాదాపు రెట్టింపు డబ్బు వాడుకోవడానికి లేకుండా పోయింది. 7న హోమ్ లోన్ ఈఎంఐ 41,000 బౌన్స్ అయింది. కంగారులో ఒక లోన్ యాప్‌లో 40,000 తీసుకుని కట్టేశాను. చేతికి 37,900 వచ్చింది, నెల తర్వాత 42,400 కట్టాలి. బ్యాంకులో ఆగిన 83,600 తీరా 18న తిరిగొచ్చింది. ఓడ కంపెనీ నన్ను మోసం చేసినట్టేనా? మార్కెట్ తగ్గింది కదా, వచ్చిన డబ్బు చిన్న కంపెనీల షేర్లు కొనే స్మాల్ క్యాప్ ఫండ్‌లో వేయమంటారా? యాప్ లోన్‌కి వచ్చే నెల 7 దాకా టైముంది. వచ్చేసారి ట్రిప్‌కి ఏ క్రెడిట్ కార్డు మంచిది? నెలకు 25,000 సిప్‌లు కడుతున్నాను. ఎఫ్‌డీలు లేవు.

జవాబు: మోసం కాదండీ. మీరు పంపిన స్టేట్‌మెంట్ చూశాకే ఈ మాట అంటున్నాను. ఓడ ఎక్కకముందు ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో కార్డు నంబరు అడిగినప్పుడు ఒక నిబంధనల పేజీ వస్తుంది. అందరిలాగే మీరూ టిక్ పెట్టి ముందుకెళ్లారు. ఖర్చుకు సరిపడా మొత్తాన్ని కార్డు మీద ఆపి ఉంచుతామని, డెబిట్ కార్డయితే ఆ డబ్బు వెనక్కి రావడం మీ బ్యాంకు చేతిలో ఉంటుందని ఆ పేజీలోనే రాసి ఉంటుంది.

ఓడలో ఏదైనా కొన్నప్పుడు అక్కడికక్కడ నగదు తీసుకోరు కదా. మెడలో వేసుకునే ఆ గది కార్డునే జ్యూస్ దగ్గర, ఫొటోల కౌంటర్ దగ్గర, వైఫైకి అన్నిటికీ చూపిస్తారు. అవన్నీ ఒక ఖాతాలో చేరుతుంటాయి, ఆఖరి రాత్రి బిల్లు అవుతుంది. ఈలోగా కంపెనీ తన జాగ్రత్త కోసం కొంత డబ్బు ఆపుకుంటుంది, దీన్నే హోల్డ్ అంటారు. ఖర్చు పెరిగేకొద్దీ ఇంకొంచెం ఆపుతుంది. మీకు ఎక్కిన రోజు 400 డాలర్లు, ఆ తర్వాత ఒకరోజు 250, ఇంకోరోజు 300 ఆగాయి. ఒక్క కాఫీ తాగకుండానే మొదటి రోజు 400 ఎందుకు అంటారా? పెద్ద క్రూయిజ్ కంపెనీలు చాలావరకు సిబ్బంది టిప్పుల కింద మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల మధ్య వాటంతటవే బిల్లులో వేసేస్తాయి, పిల్లలకు కూడా. 18 చొప్పున వేసుకున్నా 5 మందికి 4 రాత్రులకు 360 డాలర్లు. ఆ టిప్పులు టికెట్‌తో పాటే ముందుగా కట్టే వీలుంటుంది. కట్టి ఉంటే మీ బిల్లు అక్కడికక్కడే మూడో వంతుకు పైగా తగ్గేది.

ఐపీఓకి (కంపెనీ తొలిసారి అమ్మే షేర్లకి) అప్లై చేసినప్పుడు ఖాతాలో డబ్బు కనిపిస్తూనే ఉంటుంది కానీ వాడుకోలేం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఐపీఓలో అలాట్‌మెంట్ అయిపోగానే బ్లాక్ పోతుంది. ఇక్కడ అసలు బిల్లు వేరే లావాదేవీగా వచ్చి పడింది, పాత హోల్డ్‌లు మాత్రం కదల్లేదు. అంటే ఒకే ఖర్చుకి మీ ఖాతాలో రెండుసార్లు డబ్బు కట్టడి అయింది.

లెక్క చూడండి. 1వ తేదీకి మీ ఖాతాలో 1,90,000. సింగపూర్‌లో తిరగడానికి 12,000 పోయింది. డాలర్ 88 చొప్పున మూడు హోల్డ్‌లు కలిపి 83,600. 6న అసలు బిల్లు 912 డాలర్లు, దానిమీద విదేశీ లావాదేవీకి మీ బ్యాంకు వేసే 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద జీఎస్‌టీ కలిపి 83,571. మిగిలింది 10,829. ఆ మర్నాడు పొద్దున్నే 41,000 కోసం ఈఎంఐ వచ్చి తలుపు తట్టింది.

డెబిట్ కార్డయితే సొంత డబ్బు, అప్పు కాదు, చెయ్యి అదుపులో ఉంటుంది అని మీరు అనుకున్నారు. చాలామంది పద్ధతైన కుటుంబాల వాళ్లు ఇలాగే అనుకుంటారు. కూరగాయల దగ్గర, కిరాణా కొట్టులో ఆ మాట నిజమే. ఓడల్లో, హోటళ్లలో, కారు అద్దెల్లో తిరగబడుతుంది. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పడితే తగ్గేది లిమిట్, దానికి వడ్డీ ఉండదు. డెబిట్ కార్డు మీద పడితే ఆగేది మీ పాప స్కూలు ఫీజు, మీ ఈఎంఐ. నేనూ ఒకసారి విదేశంలో కారు అద్దెకు తీసుకున్నప్పుడు ఇదే పని చేసి, రెండు వారాలు మా ఆవిడ ఖాతా మీద బతికాను. కాబట్టి మీ పొరపాటు నాకేం వింత కాదు.

నాకు అసలు కోపం వచ్చింది మీ ఉత్తరం చివరి వాక్యం చదివినప్పుడు. ఎఫ్‌డీలు లేవు. అంటే 1.35 లక్షల జీతం, నెలకు 25,000 సిప్, ఫుకెట్ దాకా సముద్ర ప్రయాణం ఉన్న మనిషికి 30,000 తేడా వచ్చిందని లోన్ యాప్ తెరవాల్సి వచ్చింది! బిల్లు పడ్డాక కూడా మీ డబ్బు ఆగింది 12 రోజులు. అవే 12 రోజులు ఉద్యోగం పోయినందువల్ల జీతం ఆగి ఉంటే? నాన్నగారికి స్టెంట్ వేయాల్సి వచ్చి, ఇన్సూరెన్స్ వాళ్లు క్యాష్‌లెస్ ఒప్పుకునేలోపు ఆసుపత్రి లక్ష అడ్వాన్స్ అడిగి ఉంటే? అత్యవసర నిధి అని నేను ప్రతి వారం రాస్తే చాదస్తం అనుకునేవాళ్లు ఉన్నారు. అనుకోనివ్వండి.

మీ నెల ఖర్చు చూద్దాం. ఈఎంఐ 41,000, ఇల్లు గడవడానికి 34,000, అమ్మానాన్నల మందులకు 5,000. మొత్తం 80,000. ఆరు నెలలకి 4,80,000 ఉండాలి. అది శాలరీ అకౌంట్‌లో కాదు. వేరే బ్యాంకులో, డెబిట్ కార్డు బీరువాలో పడేసి, స్వీప్-ఇన్ ఎఫ్‌డీగా (అవసరమైతే వెంటనే సేవింగ్స్‌లోకి వచ్చే ఎఫ్‌డీ) కొంత, త్వరగా డబ్బు చేసుకోగల లిక్విడ్ ఫండ్‌లో కొంత. మ్యూచువల్ ఫండ్లు అమ్ముకోవచ్చు కదా అంటారేమో. మీ సిప్‌లలో సగం ఈఎల్‌ఎస్‌ఎస్ అనే పన్ను ఆదా ఫండ్లు, ప్రతి వాయిదా మూడేళ్లు కదలదు. మిగతా సగం మార్కెట్ పడినప్పుడు నష్టానికి అమ్మాలి. మార్కెట్ తగ్గిందని మీరే రాశారు.

సిప్‌లు 25,000 నుంచి 10,000కి తగ్గించండి. ఆపేయమనడం లేదు. ఆ 15,000, దానితో పాటు నెలాఖరుకి మీ దగ్గర మిగలాల్సిన 30,000లో ఒక 20,000. (మిగలాల్సిన అంటున్నాను, ఎందుకంటే ఆ ముప్పై వేలు ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఫోన్‌లో ఫుడ్ డెలివరీ యాప్ ఆర్డర్ల చరిత్ర ఒకసారి తెరవండి.) యాప్ అప్పు తీర్చాక మీ దగ్గర మిగిలే 41,200తో మొదలుపెట్టి, నెలకు 35,000 చొప్పున పక్కన పెడితే ఏడాది దాటాక ఒక నెలలో నిధి పూర్తవుతుంది. అది నిండేదాకా స్మాల్ క్యాప్ మాట ఎత్తకండి.

ఇక ఆ లోన్ యాప్. చేతికి 37,900 ఇచ్చి 30 రోజులకు 42,400 అడుగుతున్నాడు. 4,500 వడ్డీ, అంటే నూటికి నెలకు దాదాపు 12 రూపాయలు. ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే మీ నాన్నగారు వాడి గుమ్మం తొక్కరు. ఫోన్‌లో నీలం రంగు బటన్ మీద ‘ప్రాసెసింగ్ ఫీజు’ అని రాసేసరికి పన్నెండు రూపాయలు కూడా కనిపించలేదు! లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. అందులో అన్ని ఫీజులూ కలిపి ఏడాది వడ్డీ రేటు వేసి ఉంటుంది. మీకూ వచ్చే ఉంటుంది, ఈమెయిల్‌లో వెతకండి. మీ లెక్క వార్షికంగా 140 శాతం దాటుతుంది. ఏ స్మాల్ క్యాప్ ఫండ్ ఇస్తుందండీ ఇంత? 7న రాత్రి మీరు మీ బ్రాంచి మేనేజర్‌కో, తమ్ముడికో ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. బౌన్స్ అయిన ఈఎంఐ రెండు రోజుల్లో కడితే బౌన్స్ చార్జీ, చిన్న పెనాల్టీతో పోతుంది. ఆ భయంతో చేసిన అప్పు అంతకు ఎన్నో రెట్లు తినేసింది. సిబిల్ టెన్షన్ ఉంటే రిపోర్ట్ ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, వచ్చే నెల తీసి చూసుకోండి.

మీరు అడగనిది ఒకటుంది. అరవై నిండిన నాన్నగారిని, అమ్మగారిని సముద్రం మీదికి తీసుకెళ్లారు, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఊసే లేదు. ఓడలో డాక్టరు ఉంటారు, ఉచితం కాదు. ఆ బిల్లు కూడా ఇదే ఖాతాలోకి, ఇదే కార్డు మీదికి వస్తుంది. ఇక్కడి హెల్త్ పాలసీలు మామూలుగా దేశం దాటితే పనిచేయవు. పెద్దవాళ్లకి బీపీ, షుగర్ ఉంటే ముందే ఉన్న జబ్బులకి, ఓడ నుంచి ఒడ్డుకి తరలించే ఖర్చుకి కవర్ ఉన్న పాలసీ అడిగి తీసుకోవాలి. ఫారంలో ఆ జబ్బులు దాచకూడదు. నాన్నగారికి ఆ నాలుగు రాత్రుల్లో ఛాతీ నొప్పి వచ్చి ఉంటే, మీ 10,829తో ఏం చేసేవారో ఒకసారి ఊహించుకోండి.

ఏ క్రెడిట్ కార్డు మంచిదన్న ప్రశ్నకి, ఇంట్లో పెట్టి వెళ్లినదే మంచిది. కొత్తది వద్దు. బయల్దేరే ముందు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి పరిమితి పెట్టుకోండి, 2020 నుంచి కొత్త కార్డుల్లో ఇది మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. లిమిట్‌లో కనీసం రెండు బిల్లులంత ఖాళీ ఉండాలి. రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దనండి. గడువులోపు మొత్తం కట్టాలి, మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే ఏడాదికి 40 శాతం పైన కూడా వడ్డీ పడొచ్చు. ఖర్చు చెయ్యి దాటుతుందన్న భయం ఉంటే ఓడలో గెస్ట్ సర్వీసెస్ దగ్గర నగదు డిపాజిట్ కట్టొచ్చు, మిగిలింది దిగేముందు ఇచ్చేస్తారు. ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డులు కొన్ని ఓడల్లో తీసుకోరు, ముందే కనుక్కోండి. ఆఖరి రాత్రి బిల్లు వరుసవారీగా చూసి, తేడా ఉంటే దిగకముందే కౌంటర్ దగ్గర తేల్చుకోండి. హోల్డ్ కదలకపోతే ఆ ఫైనల్ బిల్లు కాపీనే బ్యాంకుకి పంపి తీయమని అడగాలి.

ఈ జవాబు చదివిన రోజే యాప్ లోన్ ముందుగా క్లోజ్ చేయండి. వడ్డీ కొంత తగ్గవచ్చు. ఒక్క రూపాయి తగ్గకపోయినా కట్టేయండి, ఎందుకంటే 7 దాకా ఆ డబ్బు మీ ఖాతాలో నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. పూర్తిగా 42,400 కట్టినా 83,600లో 41,200 మిగులుతుంది, సరిగ్గా మీ ఒక ఈఎంఐకి సరిపడా. దాన్ని రేపు పొద్దున్నే ఆ వేరే బ్యాంకులో వేయండి. యాప్ వాళ్ల నుంచి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుని దాచుకుని, ఆ యాప్‌కి ఇచ్చిన ఆటో-డెబిట్ అనుమతి మీ బ్యాంకు యాప్‌లోంచి రద్దు చేశాక గానీ దాన్ని ఫోన్‌లోంచి తీసేయకండి.