సూపర్ బౌల్ పార్టీకి పిలిచారు, ఆట చూస్తే ఓనమాలు రావు

ప్రశ్న: అన్నా, నేను ఫిలడెల్ఫియా దగ్గర ఎక్స్‌టన్‌లో ఉంటున్నాను. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. 2025 ఫిబ్రవరి 9 ఆదివారం సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, చూడ్డానికి మా మేనేజర్ టీమ్ అందరినీ వాళ్ళింటికి పిలిచాడు. ఆఫీసులో వారం రోజులుగా ఇదే గోల. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. ఒంట్లో బాగోలేదని చెప్పి మానేద్దామనుకుంటున్నాను. వెళ్తే ఏం మాట్లాడాలి, ఏం పట్టుకెళ్ళాలి? చిన్న విషయమే అయినా నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మానేయొద్దు తమ్ముడూ. జలుబని చెప్పినా నమ్మరు. ఈ ఊళ్ళో ఆ రోజు 102 జ్వరంతో కూడా ఆకుపచ్చ జెర్సీ వేసుకుని వచ్చేవాళ్ళున్నారు.

మాది భీమవరం. సంక్రాంతి మూడు రోజుల పండగే అయినా, నెల పట్టిన దగ్గర్నుంచీ ఊరి నడక మారిపోతుంది. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెల పాకం, ఏ పుంజు ఎక్కడ తయారవుతోందన్న కబుర్లు. ఇక్కడా అంతే. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలే, కూర్చుని చూస్తే మూడున్నర గంటలు. కానీ అసలు పండగ జనవరి 26 రాత్రే మొదలైపోయింది, ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్ 55-23తో వాషింగ్టన్‌ని చిత్తుచేసి ఫైనల్‌కి వెళ్ళినప్పుడు. ఫైనల్‌కి ముందు ఇచ్చే ఈ రెండు వారాల గ్యాప్ ఉంది చూశావూ, ఇన్నేళ్ళుగా పలకరింపుగా కూడా నవ్వని పక్కింటాయన నీతో మాట్లాడేది ఈ రోజుల్లోనే. ‘గో బర్డ్స్’ అంటాడు. నువ్వూ ‘గో బర్డ్స్’ అను. అంతే, పరిచయం అయిపోయింది. ఇక్కడ అది హలో, బై, థాంక్యూ అన్నిటికీ సరిపోతుంది. కాఫీ ఇచ్చే అమ్మాయి అంటుంది, పంటి డాక్టరు నీ నోట్లో అద్దం పెట్టి అంటాడు.

నేను 2007లో వచ్చాను. అప్పుడు ఈ మాట చెప్పేవాళ్ళు లేరు. చలి మొదలవగానే మాల్‌లో క్లియరెన్స్ బుట్టలో 5 డాలర్లకి ఒక ఉన్ని టోపీ దొరికింది. వెండి రంగు, మధ్యలో నీలం నక్షత్రం. చవగ్గా వచ్చిందని సంబరపడి మర్నాడు ఆఫీసుకి పెట్టుకెళ్ళాను. ముందు డెస్కులో సెక్యూరిటీ పెద్దాయన నా టోపీ చూసి, నా బ్యాడ్జి చూసి, మళ్ళీ టోపీ చూసి, “ఈ ఊరికి కొత్తా?” అన్నాడు. అది ఈగల్స్‌కి బద్ధ శత్రువులైన డాలస్ కౌబాయ్స్ జట్టు టోపీ అని, ఫిలడెల్ఫియాలో దాన్ని పెట్టుకుని తిరగడమంటే సంతకెళ్ళి తిట్లు కొనుక్కోవడమని నాకు మధ్యాహ్నానికి గానీ అర్థం కాలేదు. ఆ ఊళ్ళో అంత చవగ్గా ఎందుకు పెట్టారో కూడా అప్పుడే అర్థమైంది. నువ్వు డాలస్‌లో చదివి వచ్చినవాడివైతే, ఆ హుడీ ఏదైనా ఉంటే, ఈ వారం పెట్టె అడుగున పెట్టెయ్.

ఆట సంగతి. మొత్తం నేర్చుకోనక్కర్లేదు, నేర్చుకున్నా పూర్తవదు. కబడ్డీలా ఇది నేల కోసం కొట్లాట అనుకో. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు ఇస్తారు, లేదంటే బంతి అవతలివాళ్ళకి పోతుంది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత కర్రల మధ్య నుంచి తంతే ఇంకొకటి. దాటించలేమనిపిస్తే దూరం నుంచే తన్ని 3 పాయింట్లు తెచ్చుకుంటారు. నాలుగో అవకాశంలో మామూలుగా బంతిని తన్నేస్తారు. తన్నకుండా ఆడబోతున్నారంటే గదిలో అందరూ లేచి నిలబడతారు. నువ్వూ నిలబడు. ఇంతకు మించి ఆ రోజుకి అవసరం లేదు. ఒక్కటి మాత్రం అనకు: “కాలితో ఆడనప్పుడు ఫుట్‌బాల్ అని ఎందుకన్నారు?” ఆ జోక్ వాళ్ళు మన దగ్గర వెయ్యిసార్లు విన్నారు.

మాట కలపడానికి రెండు పేర్లు చాలు. మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు, జేలన్ హర్ట్స్. పరుగెత్తేవాడు సేక్వాన్ బార్క్‌లీ. నిరుటి దాకా న్యూయార్క్ జెయింట్స్‌కి ఆడాడు, ఈ సీజన్‌లో మన దగ్గరకొచ్చి 2,005 గజాలు పరుగెత్తాడు. ఫిబ్రవరి 9 అతని పుట్టినరోజు కూడా, 28 నిండుతాయి. ఈ ఒక్క ముక్క చెప్పు, “కుర్రాడు పర్లేదు” అనుకుంటారు. అవతల కాన్సస్ సిటీ చీఫ్స్, వాళ్ళ పాట్రిక్ మహోమ్స్. గత రెండు సూపర్ బౌల్స్ వాళ్ళవే, వరుసగా మూడు ఇంతవరకూ ఎవరూ గెలవలేదు. ఆపాల్సింది మనవాళ్ళే. ‘మన’ అన్నాను చూశావా? ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు.

కాదు, తెలుసు. చెప్తాను.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. 1960 డిసెంబర్ 26న ఈగల్స్ ఇక్కడి ఫ్రాంక్లిన్ ఫీల్డ్ స్టేడియంలో గ్రీన్ బే జట్టు మీద 17-13తో ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు వాళ్ళ నాన్న ఎనిమిదేళ్ళ ఈయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడట. అప్పటికింకా సూపర్ బౌల్ లేదు, మొదటిది జరిగింది 1967లో. 1960 గెలుపు తర్వాత 57 ఏళ్ళు ఈగల్స్‌కి ఒక్క ఛాంపియన్‌షిప్పూ లేదు. వాళ్ళ నాన్న ప్రతి సీజన్ చివరా “వచ్చే ఏడు” అంటూనే పోయాడు. మనకి పంటలు పోయిన రైతు వచ్చే ఏడు అంటాడే, అదే గొంతు.

2018 ఫిబ్రవరి 4. మినియాపొలిస్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో ఫైనల్. ఆయన మమ్మల్ని పిలిచాడు. వెళ్ళేసరికి సోఫా చేతి మీద ఒక పాత ఉన్ని టోపీ పెట్టి ఉంది. ఆ పక్కన ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎవరిదో ఎవరూ అడగలేదు.

గోడ మీద 100 గళ్ళ కాగితం ఒకటి అంటించారు. నీకూ రేపు ఆఫీసులో ఇది కనపడుతుంది, ‘స్క్వేర్స్’ అంటారు. అడ్డంగా ఒక జట్టు, నిలువుగా ఇంకో జట్టు. గళ్ళు అమ్ముడయ్యాక 0 నుంచి 9 దాకా అంకెలు చీటీలు తీసి వేస్తారు. ఒక్కో క్వార్టర్, అంటే ఆటలో పావు భాగం, అయ్యేసరికి రెండు స్కోర్ల చివరి అంకెలు ఏ గడిలో కలిస్తే ఆ గడివాళ్ళకి డబ్బులు. ఆట రానక్కర్లేదు, అదే దీంట్లో అందం. 0, 7, 3 వచ్చినవాళ్ళు మీసం తిప్పుతారు. 2, 5 వచ్చినవాళ్ళు దిగులుగా చిప్స్ తింటారు. మా ఆవిడకి రెండు వైపులా 2 వచ్చింది. అంతకన్నా పనికిమాలిన గడి లేదని అందరూ నవ్వారు.

రెండో క్వార్టర్ చివర్లో నేను పట్టుకెళ్ళిన చికెన్ పకోడీ చల్లారిపోయిందని ఒవెన్‌లో పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. ట్రే లోపల పెట్టి తలుపు మూశానో లేదో, ఇల్లు ఎగిరిపోయినట్టు అరుపులు. నాలుగో అవకాశం, గీతకి ఒక్క గజం, తన్నాల్సిన చోట తన్నకుండా, బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ తానే వెళ్ళి పట్టుకున్నాడు. ‘ఫిలీ స్పెషల్’ అని ఈ ఊళ్ళో పచ్చబొట్లు పొడిపించుకున్న ఆట అది. నేను చూడలేదు. స్కోరు 22-12. హాఫ్‌టైమ్. రెండు వైపులా 2. మా ఆవిడకి 125 డాలర్లు.

నేను పరుగెత్తుకుని హాల్లోకి వస్తుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వు వంటింట్లోనే ఉండు.”

హాస్యానికి కాదు. సీరియస్‌గానే అన్నాడు. నాకేం వింతగా అనిపించలేదు. మా ఇంట్లో సచిన్ బ్యాటింగ్‌లో ఉంటే మా బాబాయి ఎవర్నీ కూర్చున్న చోటు నుంచి కదలనిచ్చేవాడు కాదు. ఒకసారి మా అత్తయ్యని 70 నుంచి సెంచరీ అయ్యేదాకా గుమ్మంలో నిలబెట్టాడు, చేతిలో పాల గిన్నెతో. కాబట్టి మాట్లాడకుండా వెనక్కి వెళ్ళాను. రెండో సగమంతా వంటింటి గుమ్మంలోంచి చూశాను. టీవీ సగమే కనపడుతుంది. ఇంక రెండు నిమిషాలుందనగా పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ చేతిలో బంతిని ఈగల్స్ ఆటగాడు బ్రాండన్ గ్రహమ్ కొట్టి పడేసింది కనపడని సగంలో జరిగింది. 41-33. హాల్లో అందరూ ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తుంటే పెద్దాయన ఆ పాత టోపీ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు, సింకు దగ్గర కుళాయి తిప్పి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. నేను పకోడీ ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ రోజు నుంచి ‘మన’.

2023లో మళ్ళీ ఇదే చీఫ్స్‌తో ఫైనల్. వంటింటి నిండా పిల్లలు, నేను సోఫాలో కూర్చున్నాను. 8 సెకన్లు మిగిలుండగా వాళ్ళు ఫీల్డ్ గోల్ కొట్టారు, 38-35. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇంక నీ తిండి ప్రశ్న. మిరపకాయ బజ్జీ పట్టుకెళ్ళకు, ఈ చలిలో కారు దిగేలోపే మెత్తబడిపోతుంది. చికెన్ 65 గానీ పకోడీ గానీ హాయిగా వెళ్ళిపోతాయి, అక్కడ ఎలాగూ వింగ్సే, అంటే కోడి రెక్కలే, రాజ్యం. ఈసారి సూపర్ బౌల్‌కి దేశం మొత్తం 147 కోట్ల వింగ్స్ తింటారని నేషనల్ చికెన్ కౌన్సిల్ అంచనా. కారం మన లెక్కలో సగం వేసి, పక్కన ‘స్పైసీ’ అని కాగితం పెట్టు. పల్లీలు, జీడిపప్పు వేస్తే అదీ రాయి, ఎలర్జీ ఉన్నవాళ్ళుంటారు. నువ్వు బీఫ్, పోర్క్ తిననివాడివైతే చిల్లీ అనే కూర ఏ మాంసంతో చేశారో అడుగు, బేక్డ్ బీన్స్‌లో బేకన్ (పంది మాంసం) ముక్కలుండొచ్చు. చూడ్డానికి చిక్కుడు గింజల కూరలా అమాయకంగా ఉంటుంది. అడగడానికి మొహమాటపడకు, ఎవరూ ఏమీ అనుకోరు. చిప్స్, గ్వాకమోలీకి (అవకాడో పచ్చడి) భయం లేదు.

ప్రకటనలు రాగానే ఫోన్ తీయకు. ఈసారి 30 సెకన్లకి 80 లక్షల డాలర్ల దాకా పెట్టి వేసేవి అవి. గదిలో అప్పుడే నిశ్శబ్దంగా ఉంటారు, మాట్లాడేది ఆట జరుగుతున్నప్పుడు. హాఫ్‌టైమ్‌లో రాపర్ కెండ్రిక్ లమార్ పాటలున్నాయి, ఆ అరగంట ఆట రానివాళ్ళకీ వచ్చినవాళ్ళకీ సమానం.

స్క్వేర్స్‌లో 5 డాలర్లు పెట్టు, తప్పులేదు. ఫోన్లో బెట్టింగ్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకు. పెన్సిల్వేనియాలో 21 దాటితే చట్టబద్ధమే, కానీ అది స్క్వేర్స్‌లా ఒక కాగితంతో అయిపోదు, ప్రతి బంతికీ పిలుస్తుంది. గెలిస్తే ఆ డబ్బు ట్యాక్స్‌లో చూపించాలి కూడా. కోడిపందేల బరి దగ్గర ఎకరాలు పోగొట్టుకున్నవాళ్ళని చూసిన ఊరివాణ్ణి చెప్తున్నాను. పందెం మాట వచ్చింది కాబట్టి: మా నాన్న ఫోన్లో “ఎవరికీ ఎవరికీ?” అని అడిగితే, మావాళ్ళు గద్దలు, అట్లాంటావాళ్ళు డేగలు, బాల్టిమోర్‌వాళ్ళు కాకులు అని జట్ల పేర్లు చెప్పాను. డేగ, కాకి మా వైపు పందెం పుంజుల రకాలు. “డేగా కాకీ రెండూ ఉన్నాయా? ఇంక ఆ దేశానికి తక్కువేముంది?” అన్నాడు.

ఆట 6:30కి మొదలవుతుంది, అంటే అమ్మకి సోమవారం ఉదయం 5 గంటలు. ఆవిడ లేచి ఫోన్ చేసేవేళ అదే అయితే ముందే చెప్పేయ్, లేకపోతే రెండో క్వార్టర్‌లో అందరి ముందూ పాలు తాగావా అన్న వీడియో కాల్ వస్తుంది.

ఒక్క విషయం మాత్రం సరదా లేకుండా చెప్తాను. గెలిస్తే ఊరు మొత్తం ఫిలడెల్ఫియా పెద్ద వీధి బ్రాడ్ స్ట్రీట్ మీదకి వస్తుంది, స్తంభాలెక్కుతారు. ఎక్కకుండా పోలీసులు వాటికి జిడ్డు పూస్తే, ఆ జిడ్డునీ గెలవాలని ఎక్కుతారు. మొన్న 26 రాత్రి అలా ఎక్కి పడిపోయిన 18 ఏళ్ళ కాలేజీ కుర్రాడు రెండు రోజులకి చనిపోయాడు. నువ్వు వెళ్ళొద్దనను, అంచున నిలబడి చూసి వచ్చేయ్. తాగితే కారు అక్కడే వదిలి ఊబర్‌లో రా. మనలాంటి వీసావాళ్ళు తాగి నడుపుతూ పట్టుబడితే, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా ప్రభుత్వానికుంది.

సోమవారం పొద్దున 9కి మీటింగ్ పెట్టకు. ఓడినా గెలిచినా ఎవరూ రారు.

నా సంగతంటావా, నిన్న సాయంత్రం పెద్దాయన మంచు తోస్తూ కనపడ్డాడు. ఈసారి పిల్లల్ని కింద బేస్‌మెంట్‌లో కూర్చోబెడుతున్నాడట. వంటింటి గుమ్మంలో నాకోసం ఎత్తుపాటి స్టూల్ ఒకటి కొన్నాడట. “టీవీ సగమే కనపడుతుంది, చూసుకున్నాను” అన్నాడు.