తోడేలు పక్కన మామూలు మనిషి

ప్రియమైన మిత్రునికి,

నమస్కారం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రను ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపించే మీ రోల్‌ప్లేయింగ్ ఆట కోసం మీరు పంపిన కథాక్రమాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాను. నలుగురు ఆటగాళ్లకు ఒక రక్తపిశాచిని, ఒక తోడేలు మనిషిని, ఒక మాంత్రికుడిని, ఏ శక్తీ లేని ఒక విలేకరిని పాత్రలుగా ఇచ్చారు. ఎన్ని ఎక్కువ పాచికలు వేస్తే పాత్ర గెలిచే అవకాశం అంత ఎక్కువ కాబట్టి, బలాలు సమానం కావడానికి తోడేలు మనిషికి మూడు పాచికలు తగ్గించానని రాసి, ఇది సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఆ మూడు పాచికలూ తిరిగి ఇచ్చేయమని కూడా చెబుతాను.

మీరు తీసుకున్న పాత్రలు మొదట వేర్వేరు ఆటల్లో పుట్టాయి. వాంపైర్ ది మాస్కరేడ్ 1991లో, వేర్‌వుల్ఫ్ ది అపోకలిప్స్ 1992లో, మేజ్ ది అసెన్షన్ 1993లో వచ్చాయి. లోకం ఒకటే, వాడేది అదే పది ముఖాల పాచిక, అందుకే ఒకే బల్ల చుట్టూ వీటిని కలపడం తేలికేననిపిస్తుంది. కానీ ఒక్కో ఆటనూ అందరూ ఒకే జాతివారన్న ఊహతో రాశారు. రక్తపిశాచుల ఆటకు ఆకలి, దాపరికం, పెద్దల రాజకీయం ప్రాణం. తోడేళ్ల ఆటకు యుద్ధం ప్రాణం కాబట్టి, అక్కడి పాత్ర తన ఆగ్రహాన్ని ఖర్చుపెట్టి ఒకే వంతులో అదనపు చర్యలు చేయగలదు, దాని గోళ్లు చేసే గాయం అంత సులువుగా మానదు. మాంత్రికుడి బలమంతా ముందుగా సిద్ధపడే వ్యవధిలో ఉంటుంది. ఈ ముగ్గురినీ ఒక్క పోరాటంలోనే కొలిస్తే తోడేలు మనిషే గెలుస్తాడు, ఎన్ని పాచికలు తగ్గించినా మిగతావారికి చేతినిండా పని దొరకదు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి. ఒకసారి నేను రాసిన ఘట్టంలో బృందం ఒక గిడ్డంగిలోకి చొరబడాలి. రక్తపిశాచి పాత్ర ఆడుతున్న అమ్మాయి కాపలాదారుల పెద్దను ఎలా లొంగదీసుకోవాలో, అతని అప్పులేమిటో, ఏ మాటతో మొదలుపెట్టాలో ఒక కాగితం నిండా రాసుకొచ్చింది. తోడేలు మనిషి తలుపు విరిచాడు. మొదటి వంతు ముగిసేసరికి ఐదుగురు కాపలాదారుల్లో నలుగురు నేలకూలారు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాచికల కింద ఉంచింది, ఆ రాత్రంతా "నేనూ వెనకే వెళ్తాను" అన్న మాట తప్ప మరొకటి అనలేదు. తోడేలుకు సగం పాచికలే ఇచ్చి ఉన్నా ఆ కాగితం తెరుచుకునేది కాదు, ఎందుకంటే గోళ్లతో మాత్రమే తెరుచుకునే తలుపును రాసింది నేను.

అప్పటి నుంచి ప్రతి ఘట్టం పక్కనా రెండు ప్రశ్నలు రాసుకుంటున్నాను. దీన్ని ఎవరు మాత్రమే తేల్చగలరు? ఇక్కడ ఎవరు ఏమి చెల్లించాలి? రెండోదాన్నే మనం ఎక్కువగా మరిచిపోతాం. రక్తపిశాచికి పగటి వెలుగూ రక్తపు కొరతా, తోడేలు మనిషికి వెండీ అదుపు తప్పే కోపమూ, మాంత్రికుడికి మామూలు మనుషుల కళ్లెదుట బాహాటంగా మాయ చేస్తే తిరగబడే ప్రతిఫలమూ నియమాల్లోనే ఉన్నాయి. ఆటగాడు నొచ్చుకుంటాడేమోనని, కథను నడిపే గేమ్ మాస్టర్ వాటిని వసూలు చేయకుండా వదిలేయడం వల్లే తూకం ఎక్కువగా తప్పుతుందని నా గట్టి నమ్మకం.

అయితే పగటి విషయంలో జాగ్రత్త కావాలి. కథంతా రాత్రే నడిపితే రక్తపిశాచి చెల్లించాల్సిన పెద్ద మూల్యం మాఫీ అయిపోతుంది, పగలు నడిపితే ఆ పాత్ర ఆడే మనిషి గంటల తరబడి చేతులు కట్టుకుని కూర్చోవాలి. 1987 నాటి ఆర్స్ మాజికా అనే ఆట ఇందుకు మంచి దారి చూపింది. అందులో ప్రతి ఆటగాడికీ ఒక మాంత్రికుడితో పాటు ఒక సహచరుడు కూడా ఉంటాడు, కాపలా భటుల పాత్రలు అందరికీ ఉమ్మడి, కాబట్టి ఏ కథకు ఎవరు బయలుదేరాలో వంతులవారీగా మారుతుంది. మీ రక్తపిశాచికి కూడా పగలు తిరిగే ఒక మానవ సేవకుడిని ఇచ్చి, అతన్ని అదే ఆటగాడి చేతిలో పెట్టండి.

విలేకరిని మీరు జాలితో చూస్తున్నారనిపించింది. 2002లో వచ్చిన బఫీ ది వాంపైర్ స్లేయర్ ఆటలో వీరులకు 10 డ్రామా పాయింట్లు ఇస్తే, శక్తులు లేని స్నేహితులకు 20 ఇస్తారు. ఆ పాయింట్లు కీలక క్షణంలో దెబ్బను తప్పిస్తాయి, కథను మలుపు తిప్పుతాయి. బలహీనుడి పిడికిలిని పెంచకుండా కథ మీద అతని పట్టును పెంచిన ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. మీ ఆటలోనూ విలేకరికి అలాంటి పట్టు ఉండాలి.

ఇక మీ మూడో ఘట్టం. ఆసుపత్రిలో ఉన్న సాక్షిని శత్రువులు ఎత్తుకుపోతుంటే తోడేలు మనిషి అడ్డుకుంటాడు, మిగతా ముగ్గురూ చూస్తుంటారు. ఆ సాక్షి విలేకరితో తప్ప ఎవరితోనూ మాట్లాడనన్నాడని మార్చి చూడండి. సాక్షి చెదిరిన జ్ఞాపకాన్ని మాంత్రికుడు సరిచేయగలడు, కానీ నర్సు గదిలోంచి కదలడం లేదు. జనం కిక్కిరిసిన వరండాలో తోడేలు మనిషి తన కోపాన్ని అణచుకుంటూ నిలబడాలి. సేవకుడు వైద్యుల గదిలో విన్న ఒక పేరు సాయంత్రానికి రక్తపిశాచికి చేరుతుంది, ఆ పేరు గలవాడితో బేరం ఆడగలిగింది అతనొక్కడే. శత్రువులు చీకటి పడుతుండగా రావాలి. అప్పటికి నలుగురికీ ఆ గదిలో పోగొట్టుకునేది ఏదో ఒకటి ఉంటుంది, తోడేలు మనిషి తన పాచికలన్నీ వేసుకోవచ్చు.

ఈ ఘట్టాన్ని తిరగరాసి, ఆ రెండు ప్రశ్నలకూ జవాబులను పక్కనే రాసి పంపండి. నాలుగోదాన్ని అప్పటివరకు ముట్టుకోవద్దు.

మీ మేలు కోరే
మిత్రుడు