మిసెల్‌లు ‘ఏర్పడతాయా’, ‘ఏర్పరచబడతాయా’?

సందేహం: నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. తెలుగు మాధ్యమం విద్యార్థులకు రాసిన పాఠంలో ‘సబ్బు అణువులు ద్వంద్వప్రియాలు, నీటిలో వాటి గాఢత ఒక హద్దు దాటగానే అవి స్వయంకూర్పు ద్వారా మిసెల్లులుగా ఏర్పరచబడతాయి’ అన్న వాక్యం ఉంది. (ద్వంద్వప్రియం అంటే ఒక కొస నీటినీ, మరొక కొస నూనెనూ కోరేది. స్వయంకూర్పు అంటే సెల్ఫ్ అసెంబ్లీ. మిసెల్లు అంటే ఆ అణువులు గుంపుగా చేరిన చిన్న ఉండ.) విషయం సరైనదే గాని తెలుగు సరిగా లేదని మా తెలుగు అధ్యాపకురాలు అంటున్నారు. నీటితో కలవని అణువు కొసకు వాడిన ‘జలభీతి గల తోక’ అన్న మాటనూ ఆమె ఒప్పుకోవడం లేదు. దోషం ఎక్కడుందో తెలుపగలరు.

సమాధానం: మీ సహోద్యోగిని సగమే చెప్పారు. ఆ వాక్యంలో తెలుగు కుంటుపడిన చోటే విషయమూ కుంటుపడింది.

‘ఏర్పడు’ అకర్మక క్రియ. దానికి సకర్మకం ‘ఏర్పరచు’. మీరు అకర్మకాన్ని సకర్మకంగా మార్చి, దానికి ‘బడు’ తగిలించి, చివరికి బయలుదేరిన చోటికే వచ్చారు. ముక్కేదంటే తలచుట్టూ తిప్పి చూపడమంటే ఇదే. పైగా కర్మణి ప్రయోగంలో కర్త కనబడకపోయినా ఉన్నట్టే లెక్క. ‘గుడి కట్టబడింది’ అంటే ఎవరో కట్టారని అర్థం. మిసెల్‌ను కట్టేవారు ఎవరూ లేరు. ‘స్వయంకూర్పు’లోనూ ఇదే చిక్కు. చేరు–చేర్చు, మారు–మార్చు, పేరు–పేర్చు అన్న జంటల్లో రెండోది చేసేవాణ్ణి కోరుతుంది. నెయ్యి తనంత తాను పేరుకుంటుంది గాని, ఇటుకలను ఒకరు పేర్చాలి. ‘కూర్చు’ కూడా ఇటుకల వైపు క్రియే. దండ కూర్చాలంటే ఒక చేయి కావాలి.

అసలు నీటిలో జరిగేదేమిటో చూస్తే ఏ క్రియ కావాలో తెలుస్తుంది. సబ్బులాగే పనిచేసే ఒక పదార్థాన్ని తీసుకుందాం. టూత్‌పేస్టు పెట్టెల మీద సోడియం లారిల్ సల్ఫేట్ అని కనిపించే పదార్థంలో ప్రధానమైనది సోడియం డోడెసైల్ సల్ఫేట్. దాని అణువుకు పన్నెండు కార్బన్ల తోక, విద్యుదావేశం గల తల ఉంటాయి. కొద్దిగా కలిపినప్పుడు కొన్ని అణువులు నీటి పైపొరకు చేరి, తల నీటిలో ఉంచి తోకను గాలిలోకి చాపుతాయి. తక్కినవి నీటిలో విడివిడిగా తిరుగుతాయి. గిన్నెడు నీటి మీద మిరియాలపొడి చల్లి, సబ్బు అంటిన వేలు మోపితే పొడి అంచులకు పరుగెత్తేది ఈ పైపొర మారినందువల్లనే. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, శుద్ధమైన నీటిలో ఈ పదార్థం లీటరుకు సుమారు 8 మిల్లీమోల్‌లు, అంటే దాదాపు 2.3 గ్రాములు, దాటితే ఆపై చేరిన అణువులు అరవయ్యేసి వరకు ఒకచోట చేరి, తోకలు లోపలికి, తలలు వెలుపలికి పెట్టుకొని నాలుగు నానోమీటర్ల ఉండలవుతాయి. ఈ ఉండలే మిసెల్‌లు. తోకలు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కోవడం దీనికి ముఖ్యకారణం కాదు. తోక చుట్టూ ఉన్న నీటి అణువులు ఒక క్రమంలో ఒదిగి నిలవవలసి వస్తుంది. తోకలు లోపల దాగితే ఆ నీటికి విడుదల దొరుకుతుంది. ఇంకొక సంగతి: ఆ ఉండలో అణువులు స్థిరంగా ఉండవు, క్షణంలో ఎన్నోమార్లు కొన్ని వెళ్తుంటాయి, కొన్ని వస్తుంటాయి. తిరునాళ్ళలో మనుషులు మారుతున్నా గుంపు గుంపుగానే ఉన్నట్టు.

దీనికి తెలుగులో ‘గుమిగూడు’ అన్న మాట సిద్ధంగా ఉంది. గుమి అంటే గుంపు. గుమి, కూడు కలిసి గసడదవాదేశంతో గుమిగూడు అయింది. గుమికూడు అన్నా తప్పు లేదు. ఎవరో తోలుకొచ్చిన మందను గుమిగూడిందని మనం అనం. ‘స్వయం’ అన్న అర్థం ఆ క్రియలోనే ఇమిడి ఉంది. శీర్షికకు నామపదం కావాలంటే ‘అణువులు తమంత తాముగా గుమిగూడటం’ అని రాయండి. పొడవైతే అయింది గాని, ‘స్వయంసంఘటన’ అని మాత్రం రాయకండి, పిల్లలు అదేదో ప్రమాదమనుకుంటారు.

‘ద్వంద్వప్రియ’ అంటే జంటలంటే ఇష్టపడేది అని అర్థం వస్తుంది. నీటిలోనూ నేలమీదా తిరిగే కప్పను ఉభయచరం అంటున్నాం కాబట్టి, నీటినీ నూనెనూ కోరే అణువును ‘ఉభయప్రియ’ అనడం సహజం. అయితే ప్రియశబ్దంతో ఒక పేచీ ఉంది. హరిప్రియ అంటే హరికి ప్రియమైనది, షష్ఠీ తత్పురుష. అలంకారప్రియుడు విష్ణువు, అభిషేకప్రియుడు శివుడు అన్నప్పుడు మాత్రం ‘అభిషేకం ప్రియంగా గలవాడు’ అని బహువ్రీహి. మనకు కావలసింది శివుడి సమాసం. ఆ విగ్రహవాక్యాన్ని పాఠంలో ఒక్కసారి చెబితే చాలు. కుంకుడురసంలో నురగనిచ్చే సపోనిన్‌లూ ఉభయప్రియాలే. వాటిలో చక్కెర భాగం నీటి వైపు, తక్కినది జిడ్డు వైపు.

‘జలభీతి’ వైద్యుల మాట. పిచ్చికుక్క కాటువల్ల వచ్చే రేబిస్‌లో రోగి నీటిని చూసి బెదరడమది. సుశ్రుతుడు జలత్రాసం అన్నది దీన్నే. తోకకు నీరంటే బెదురు లేదు. నీటి అణువులే ఒకదాన్నొకటి పట్టుకొని దాన్ని పక్కకు నెడుతున్నాయి. ‘జలవిరోధి’ కూడా నిందను తోక మీదికే తోస్తుంది గాని, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కాబట్టి వాడండి. తల, తోక అన్నవి చక్కని మాటలే. ఒక్క జాగ్రత్త: అదే పాఠంలో వచ్చే ‘తలతన్యత’లోని తల సంస్కృతపు తలం, ఉపరితలం, శిరస్సు కాదు.

మిసెల్ అన్నది రవ్వ, కణిక అని అర్థమున్న లాటిన్ మాటనుంచి పుట్టింది. సబ్బు ద్రావణాల్లో ఇలాంటి గుంపులున్నాయని 1913లో బ్రిస్టల్‌లో రసాయనశాస్త్రవేత్త మెక్‌బెయిన్ ప్రతిపాదించాడు. ఆ పేరును అలాగే ఉంచండి. ‘మిసెల్లు’ ఏకవచనమైతే బిల్లు–బిల్లులు లాగా ‘మిసెల్లులు’ తప్పు కాదు. ఏకవచనం ‘మిసెల్’ అనుకొని ‘మిసెల్‌లు’ అంటే తడబాటు తక్కువ.

మీ వాక్యంలో నాకు నచ్చిన మాట ‘హద్దు’. పాఠ్యపుస్తకాలు దీన్ని ‘సందిగ్ధ మిసెల్ గాఢత’ అంటాయి. సందిగ్ధమంటే విద్యార్థికి తోచేది అనుమానమే. ఇక్కడ ఆ హద్దుకు ఇవతల, అవతల ఏం జరుగుతుందో స్పష్టంగానే తెలుసు. పరీక్ష కోసం ఆ పదాన్ని ఒకసారి పరిచయం చేసి, వివరణలో హద్దు అనే రాయండి.