బీఫార్మసీ అయ్యాక రెండు ఆఫర్లు: డ్రగ్ సేఫ్టీలో చేరాలా, ఆసుపత్రిలో సీఆర్‌సీగా చేరాలా?

సీఆర్‌సీగానే, అంటే ఆసుపత్రిలో కొత్త మందుల ట్రయల్ పనులు చూసుకునే క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గానే చేరండి. డ్రగ్ సేఫ్టీలో, అంటే మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే ఉద్యోగంలో, హైటెక్ సిటీలో ఆఫీసు, ఇంటి దగ్గరికే క్యాబ్, విజయవాడ ఆసుపత్రి ఇచ్చేదానికంటే ఎక్కువ జీతం అని మీరు రాసినవన్నీ నిజమే. అయినా నా సలహా మారదు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కోఆర్డినేటర్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు మానిటర్‌గా, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రులకు వెళ్లి రికార్డులు సరిచూసే సీఆర్‌ఏగా ఊళ్లు తిరుగుతున్నాను.

షుగర్ మందు ట్రయల్ ఒకదానికి సూర్యాపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. పరగడుపున బస్సెక్కి వచ్చి, రక్తం ఇచ్చాకే టిఫిన్ డబ్బా విప్పేవారు. ఓ విజిట్‌లో ఇబ్బందేమైనా ఉందా అని అడిగితే "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అన్నారు. డైరీ నిండుగానే ఉంది, కానీ చివరి వారమంతా ఒకే పెన్నుతో ఒక్కసారే రాసినట్టుంది. వెనక్కి తెచ్చిన స్ట్రిప్పుల్లో మాత్రలు ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయి. పక్కనే ఉన్న కూతుర్ని అడిగాను. "మొన్న కండ్లు తిరిగి పడ్డడు మేడమ్. దవాఖానల ఒక రాత్రి ఉంచుకున్నరు, సెలైన్ ఎక్కించిన్రు" అంది.

ఆసుపత్రిలో చేర్చుకున్నారంటే అది ఎస్‌ఏఈ, అంటే ట్రయల్‌లో ఉన్న మనిషికి జరిగిన తీవ్రమైన ప్రతికూల ఘటన. 2019 నాటి నియమాల ప్రకారం ఇన్వెస్టిగేటర్ (ట్రయల్ నడిపే డాక్టరు) 24 గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓకు, ట్రయల్ చేయించే స్పాన్సర్‌కు, ట్రయల్‌లో ఉన్నవాళ్ల రక్షణ చూసే ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ఆలస్యమైతే కారణం రాసివ్వాలి. ఓపీలో ఉన్న డాక్టరుగారికి వెళ్లి చెప్పడం, ఊళ్లో ఉన్న కొడుకుతో డిశ్చార్జి సమ్మరీ ఫొటో వాట్సాప్‌లో తెప్పించడం, షుగర్ ఎంతకు పడిపోయిందో చూసుకుని ఫారం నింపడం, సాయంత్రం దాకా అదే పని. పెద్దాయన మాత్రం "నన్ను తీసేస్తరా?" అని ఒకటే అడగడం. దాచింది ఆ భయంతోనే. ట్రయల్ మందు ఆపాల్సి వచ్చినా వైద్యం ఆగదని డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పాక గానీ ఆయన స్థిమితపడలేదు.

అదే కేసు తర్వాత ఎక్కడో ఒక డ్రగ్ సేఫ్టీ అసోసియేట్ ముందుకు వెళ్తుంది. వాళ్లకు కనబడేది హైపోగ్లైసీమియా (షుగర్ పడిపోవడం), హాస్పిటలైజేషన్ అనే రెండు ముక్కలు. మెడ్‌డ్రా అనే వైద్య పదాల జాబితాలో సరైన టర్మ్ వెతికి, కేసు వివరాలు న్యారేటివ్‌గా రాసి, టార్గెట్ కోసం తర్వాతి కేసు తెరుస్తారు. ఆ పని చిన్నదని అనను. కానీ మొదటి ఉద్యోగమే అదైతే, న్యారేటివ్‌లోకి రానిదేమిటో మీకు తట్టదు. సైట్‌లో, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రిలో పనిచేసి వెళ్లినవాళ్లకు మాత్రలు ఎన్ని వెనక్కి వచ్చాయని క్వెరీ పంపాలని వెంటనే తోస్తుంది. పైగా సైట్ నుంచి డ్రగ్ సేఫ్టీకి వెళ్లినవాళ్లు నాకు చాలామంది తెలుసు, అటు నుంచి ఇటు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేపు సీఆర్‌ఏ పోస్టుకు వెళ్లినా ముందు అడిగేది సైట్ అనుభవమే.

ఇంకో మాట. పీజీ డిప్లొమా చేస్తే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని అమీర్‌పేటలో బోర్డులు పెట్టేవాళ్లకు దయచేసి డబ్బు కట్టకండి. నాతోపాటు చేరిన కుర్రాడు దానికోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టించాడు. ఎస్‌ఏఈ ఫారం ఎలా ఉంటుందో కూడా అక్కడ చూపించలేదట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ట్రయల్స్ సరిగ్గా నడిపే పద్ధతులైన జీసీపీకి ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన ఈ6 మార్గదర్శకం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, 2025 జనవరిలో ఖరారైన మూడో సవరణ చదవండి. దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో వెతికితే మీరు చేరబోయే ఆసుపత్రిలో ఏయే ట్రయల్స్ నమోదయ్యాయో తెలుస్తుంది. ఇంటర్వ్యూకి అది చూసుకునే వెళ్లండి.

ఆసుపత్రులకు ట్రయల్ సిబ్బందిని సమకూర్చే ఎస్‌ఎంఓ ద్వారా చేరుతుంటే ఒక్కరికి ఎన్ని స్టడీలు అప్పజెబుతారో ముందే అడగండి. ఐదారు నెత్తిన పడేస్తే నేర్చుకోవడం ఉండదు, ఫైళ్లు సర్దుకోవడమే మిగులుతుంది. బాండు అంటే ఎన్నాళ్లో కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి.