ఒకే ఫండుకు 5 శాతం, 9.4 శాతం: రెండు రాబడులు ఎలా వస్తాయి?

మిర్యాలగూడలోని ఒక ఉపాధ్యాయుడు నెలకు 5,000 రూపాయల చొప్పున 12 నెలలు మ్యూచువల్ ఫండులో సిప్ (నెలనెలా వాయిదాగా పెట్టే పెట్టుబడి) కట్టారనీ, చివరి వాయిదా తరువాత నెల గడిచేసరికి 60,000 కాస్తా 63,000 అయిందనీ అనుకుందాం. లాభాన్ని పెట్టుబడితో భాగిస్తే వచ్చే 5 శాతం మొత్తం రాబడి మాత్రమే. అందులో కాలం లెక్క లేదు. నిజానికి మొదటి వాయిదా ఏడాదంతా పనిచేసింది, చివరిది ఒక్క నెలే. అందుకే సాఫ్ట్‌వేర్ ప్రతి వాయిదా తేదీనీ మొత్తాన్నీ తీసుకొని, అవన్నీ ఏ ఒకే వార్షిక రేటుతో పెరిగితే నేటి విలువ 63,000 అవుతుందో మళ్లీ మళ్లీ సరిచూస్తూ కనుగొంటుంది. ఎక్స్‌ఐఆర్‌ఆర్ అనే ఆ రేటు ఇక్కడ 9.4 శాతానికి దగ్గరగా ఉంటుంది. సిప్‌కు నమ్మదగినది ఇదేనని నా అభిప్రాయం. ఒకేసారి పెట్టి కదిలించని సొమ్ముకైతే సీఏజీఆర్, అంటే ఏటా చక్రవడ్డీలా ఎంత శాతం చొప్పున పెరిగిందో చెప్పే రేటు, చాలు.

అయితే ఏడాది నిండని పెట్టుబడి విషయంలో ఎక్స్‌ఐఆర్‌ఆర్ అంకెను చూసి దయచేసి నిర్ణయాలు తీసుకోకండి: నెలలో వచ్చిన 2 శాతం లాభం, అదే వేగం ఏడాదంతా కొనసాగుతుందన్న లెక్కతో, దాదాపు 27 శాతంగా కనిపిస్తుంది.

మీ చేతికి వచ్చిన డివిడెండు, మధ్యలో తీసుకున్న సొమ్ము నమోదు కాకపోతే రాబడి తక్కువగా చూపుతుంది. ఫండు నిర్వహణ ఖర్చును మాత్రం విడిగా తీసివేయనక్కరలేదు, ఎన్‌ఏవీ (ఫండు ఒక్కో యూనిట్ విలువ) ప్రకటించేటప్పటికే అది మినహాయించబడి ఉంటుంది.