సోషలిజమా, మార్కెట్టా: వాదనకు దిగబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

'భారతదేశానికి సోషలిజం పనికిరాదు, స్వేచ్ఛా మార్కెట్టే దారి' అనే అంశం మీద వాదనల పోటీలో మాట్లాడబోతున్నావని అమ్మ చెప్పింది. ఏ పక్షమో చీటీ తీసేదాకా తెలియదట. అయితే రెండు పక్షాలకూ సరిసమానంగా సిద్ధమవ్వు అమ్మలూ. అవతలివాడి వాదనను వాడికన్నా బాగా చెప్పగలిగిన రోజునే నీ వాదన నిలబడుతుంది.

ముందు అంశాన్ని ముక్కలు చెయ్యి. చాలామంది ఓడేది ఇక్కడే. సోషలిజం అంటే పేదల మీద దయ, మార్కెట్టంటే డబ్బున్నవాళ్ల ఆట అనుకుని లేస్తారు, ఇచ్చిన ఐదు నిమిషాలూ ఆ దయ చుట్టూ తిరిగి కూర్చుంటారు. నువ్వు మూడు ప్రశ్నలు పట్టుకో. ఆస్తి ఎవరి చేతిలో ఉంది? ధర ఎవరు పెడుతున్నారు? నష్టం వస్తే ఎవరి జేబుకు చిల్లు? 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఇచ్చిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని ఈ మూడింటి ముందు పెట్టి చూడు. పొలం రైతుదే, మిల్లు మిల్లరుదే, ధరలో తేడా మాత్రం ఖజానా భరించింది. ఆస్తి చేతులు మారలేదు కాబట్టి అది సంక్షేమం. 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు ఆస్తే చేతులు మారింది, సోషలిజం అనాల్సింది దాన్ని. ఈ గీత మొదటి నిమిషంలోనే గీసేస్తే ప్రతివాది ఉచిత పథకాల చిట్టా విప్పినప్పుడు నువ్వు దానికి జవాబు చెప్పాల్సిన పనే ఉండదు. స్వీడన్ పేరు ఎత్తితే, అక్కడ పన్నులు ఎక్కువ గానీ ఫ్యాక్టరీలు చాలావరకు ప్రైవేటువేనని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్లు. వెనెజులా, సోవియట్ యూనియన్ జోలికి అసలు పోకు. అంశంలో 'భారతదేశానికి' అనే మాట ఉంది.

పార్టీల పేర్లతో జాగ్రత్త. కాంగ్రెస్ అంటే సోషలిజం, బీజేపీ అంటే మార్కెట్టు, కమ్యూనిస్టులంటే జాతీయీకరణ అని విడదీశావంటే ఎదుటివాడికి పని తేలిక చేసినట్టే. 1991లో పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేసింది కాంగ్రెస్ ప్రభుత్వం. 1980లో పుట్టినప్పుడు బీజేపీ 'గాంధేయ సోషలిజం' తన సిద్ధాంతమని చెప్పుకుంది. సింగూరులో ప్రైవేటు కార్ల ఫ్యాక్టరీ కోసం భూమి సేకరించి దెబ్బతిన్నది పశ్చిమ బెంగాల్‌లో కమ్యూనిస్టులు నడిపిన లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం. ఇంకో తమాషా: ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే ఏ పార్టీ అయినా సోషలిజానికి కట్టుబడి ఉంటామని తన నిబంధనావళిలో రాసుకోవాలి. ఫక్తు మార్కెట్ పార్టీ పెట్టినా అంతే. ఈ ముక్క ఏ పక్షానికైనా పనికొస్తుంది.

రాజ్యాంగం దగ్గర ఇద్దరూ సగం నిజాలతోనే కొట్టుకుంటారు. 'సామ్యవాద' అనే మాట పీఠికలోకి 1976 నాటి 42వ సవరణతో, ఎమర్జెన్సీలో వచ్చింది. మార్కెట్ పక్షం అక్కడితో ఆగకుండా అంబేద్కర్ సోషలిజాన్నే తిరస్కరించాడంటుంది. జరిగింది ఇదీ. 1948 నవంబర్ 15న రాజ్యాంగ సభలో కె.టి. షా ఆ మాట చేర్చాలని సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణాలు రెండు. సమాజాన్ని ఆర్థికంగా ఎలా నడుపుకోవాలో కాలాన్ని బట్టి ప్రజలే తేల్చుకోవాలి, రాజ్యాంగంలో కట్టేయకూడదన్నది మొదటిది. ప్రభుత్వం ఏ దారిన నడవాలో రాజ్యాంగం చెప్పే ఆదేశిక సూత్రాల్లో ఆ దిశ ఎలాగూ ఉందన్నది రెండోది. మార్కెట్ పక్షం మొదటి కారణం చెప్పి రెండోది మింగేస్తుంది, సోషలిస్టు పక్షం అదే పని తిరగేసి చేస్తుంది. నువ్వు రెండూ చెప్పు. పైగా కీలక పరిశ్రమలు, వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలని 1947 నాటి తన వినతిపత్రంలో అంబేద్కరే ప్రతిపాదించారు. 2024 నవంబర్‌లో వచ్చిన రెండు సుప్రీంకోర్టు తీర్పులూ నోటికి రావాలి. సమాజపు వనరులు అందరి మేలుకు పంచాలనే ఆదేశిక సూత్రం 39(బి) అధికరణ. దాని కింద ప్రతి ప్రైవేటు ఆస్తీ 'సమాజపు భౌతిక వనరు' కాదని తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీతో చెప్పింది. పీఠికలోంచి 'సామ్యవాద' మాట తీసేయాలన్న పిటిషన్లను అదే నెల 25న ఇంకో ధర్మాసనం కొట్టేసింది. ఒకటి ఒక పక్షానిది, ఒకటి రెండో పక్షానిది. ఒకటే చెప్పి కూర్చుంటే రెండోది నీ మీదకే వస్తుంది.

చరిత్ర కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 'సోషలిస్టు తరహా సమాజం' అని కాంగ్రెస్ మద్రాసు దగ్గరి ఆవడిలో తీర్మానించింది 1955 జనవరిలో. మరుసటి నెలే ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు, ఎదుట బలమైన కమ్యూనిస్టు పార్టీ. ఆ పార్టీకి చివరికి దక్కినవి 15 సీట్లు. తీర్మానం అందుకోసమే పెట్టారని అనకు, రుజువు చెయ్యలేవు. ఆ పోటీలో అది కాంగ్రెస్‌కు అక్కరకొచ్చిందని మాత్రం అనొచ్చు. నాలుగేళ్లకు, 1959 జనవరిలో, నాగపూర్‌లో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం వచ్చింది. భూమి పోతుందన్న భయంతో రైతు నాయకులు తిరగబడ్డారు. నిడుబ్రోలు ఎన్.జి. రంగా కాంగ్రెస్ వదిలి, రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. 'పర్మిట్-లైసెన్సు రాజ్' అని రాజాజీ పెట్టిన పేరు ఈ రోజుకీ వాడుకలో ఉంది. 1967లో లోక్‌సభలో ఆ పార్టీకి 44 సీట్లు, ప్రతిపక్షాల్లో అదే పెద్దది. దాన్ని రాజుల పార్టీ, జమీందార్ల పార్టీ అని ఎవరైనా తీసిపారేస్తే రంగా పేరు చెప్పు. నువ్వు సోషలిస్టు పక్షంలో ఉంటే మాత్రం, ఆ పార్టీలో సంస్థానాధీశులు చాలామందే ఉన్నారన్నది కూడా నిజమేనని గుర్తుపెట్టుకో.

ఇక అంకెలు. వాదనలు ఎక్కువగా చిక్కుకునేది వీటిలోనే.

పేదరికం లెక్క తీసుకో. 1973-74లో 54.9 శాతం, 2011-12లో 21.9 శాతం, ఇదంతా మార్కెట్ మహిమ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పేదవాడంటే ఎవరో తేల్చే గీతను వేర్వేరు నిపుణుల కమిటీలు వేర్వేరుగా గీశాయి. మొదటిది లక్డావాలా గీత ప్రకారం, రెండోది టెండూల్కర్ గీత ప్రకారం. గీతలు వేరైనప్పుడు తీసివేత చెయ్యకూడదు. టెండూల్కర్ గీత మీదే నిలబడితే 1993-94లో 45.3, 2004-05లో 37.2, 2011-12లో 21.9. తగ్గుదల అప్పుడూ కనిపిస్తుంది. ఎక్కువ తగ్గింది చివరి ఏడేళ్లలో. ఆ ఏళ్లలో వృద్ధీ ఉంది, ఉపాధి హామీ చట్టమూ ఉంది. కాబట్టి ఆ అంకెను ఏ పక్షమూ పూర్తిగా సొంతం చేసుకోలేదు. నీతి ఆయోగ్ చెప్పే 11.28 శాతం బహుముఖ పేదరికం ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాల్ని బట్టి లెక్కేసే మూడో కొలత, దాన్ని ఈ వరసలో కలపకు.

వృద్ధి రేటు దగ్గరా ఇలాంటి గొయ్యే ఉంది. 1950 నుంచి 1980 దాకా ఏటా సుమారు మూడున్నర శాతం, జనాభా పెరుగుదల తీసేస్తే తలకి ఒకటిన్నర శాతం లోపే. మార్కెట్ పక్షానికి ఇది బంగారం. అయితే స్వాతంత్ర్యానికి ముందు యాభై ఏళ్లలో తలసరి ఆదాయం దాదాపు కదలనేలేదు, దానితో పోలిస్తే అదీ ముందడుగేనని సోషలిస్టు పక్షం జవాబు. వేగం ఐదు శాతం దాటింది కూడా 1980ల్లోనే, 1991కి ముందే. దానికి తిరుగు జవాబేమిటంటే, ఆ దశాబ్దం అప్పు మీద నడిచింది, దాని మూల్యం 1991లో చెల్లించాల్సొచ్చింది. విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు చాలేటంతకు పడిపోయి, రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సొచ్చింది. ఈ నాలుగు ఎత్తుల్నీ వరసగా కాగితం మీద రాసుకో. నీ పక్షం ఏదైనా నీ వంతు ఎక్కడొస్తుందో తెలుస్తుంది.

ఆనాటి పరిస్థితి శ్రోతలకు కళ్లకు కట్టాలంటే రెండు చిన్న లెక్కలు చాలు. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి, కలిపితే 97.75. పై మెట్టులో వంద సంపాదిస్తే చేతికి మిగిలేది రెండుంపావు. రెండోది, 1991 నాటికి బ్యాంకులో పడ్డ ప్రతి వంద డిపాజిట్‌లో ఎస్ఎల్ఆర్ (ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాల్సిన వాటా) కింద 38.50, సీఆర్ఆర్ (రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు) కింద 15 రూపాయలు పక్కకు పోయేవి. బయట అప్పివ్వడానికి మిగిలేది 46.50. బోర్డు ఉంటే ఈ తీసివేత బోర్డు మీదే చెయ్యి. బ్యాంకుల విషయంలో ఎదుటివాడి దగ్గరా గట్టి అంకె ఉంది: 1969లో 8,262 ఉన్న శాఖలు 1990 నాటికి 59 వేలు దాటాయి, లాభం లేదని అప్పటిదాకా ఎవరూ వెళ్లని పల్లెలకు బ్యాంకు వెళ్లింది. ఇది కాదనకు. ఒప్పుకుని, అదే పని జాతీయం చెయ్యకుండా లైసెన్సు షరతులతో చేయించలేమా అని అడుగు.

ఉదాహరణలు రెండు చాలు, లోతుగా తెలిసినవి. నా ఓటు విశాఖ ఉక్కుకూ, హైదరాబాద్ మందుల పరిశ్రమకూ.

విశాఖ ఉక్కు గురించి అందరూ నినాదాలే చెబుతారు. నువ్వు ముడిఖనిజం దగ్గర మొదలుపెట్టు. 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న కర్మాగారానికి సొంత ఇనుప గనుల్లేవు. ప్రభుత్వ రంగంలోని సెయిల్‌కూ, ప్రైవేటు టాటా స్టీల్‌కూ ఉన్నాయి. ఖనిజం కొనుక్కోవాలి, విస్తరణకు తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టాలి. ఉక్కు ధర పడిందంటే నష్టమే. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. మూడో ప్రశ్న గుర్తుందిగా, ఆ నష్టం ఎవరి జేబులోంచి పోయిందో ఇక్కడ తెలుస్తోంది. సోషలిస్టు పక్షం, గనులివ్వకుండా చేతులు కట్టేసి పరుగెత్తమన్నారు అంటుంది. మార్కెట్ పక్షం దీన్నే తిప్పి, గనులూ ప్రభుత్వానివే, కర్మాగారమూ ప్రభుత్వానిదే, ఒక చెయ్యి రెండో చేతికి ఇవ్వలేకపోతే తప్పు యాజమాన్యానిది కాదా అని అడుగుతుంది. నా లెక్కలో ఈ ఎత్తు చాలా బలమైనది, దీనికి సిద్ధంగా ఉండు. 1966 ఉద్యమం, 32 మంది ప్రాణత్యాగం గురించి చెబితే గౌరవంగా చెప్పు, చప్పట్ల కోసం వాడకు. ఇంకొకటి: 1991 జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం తెచ్చి 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సులు ఎత్తేసింది పీవీ ప్రభుత్వం. ఏడాది తిరిగాక, 1992 ఆగస్టు 1న, ఈ ప్రభుత్వ రంగ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిందీ పీవీనే. మన రాజకీయాల్లో ఈ రెండు దారులూ ఒకే మనిషిలో ఎలా నడిచాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మందుల పరిశ్రమ ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది, అందుకే నాకిష్టం. 1970 పేటెంట్ల చట్టం మందుకు పేటెంట్ తీసేసి తయారీ పద్ధతికే ఉంచింది. అంటే అదే మందును వేరే దారిలో చేసుకోవచ్చు. ఇది పక్కా జోక్యం. ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్ బాలానగర్‌లో రసాయన శాస్త్రవేత్తల్ని తయారుచేసింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇక్కడిదాకా సోషలిస్టు పక్షం కథ. తరువాత ఐడీపీఎల్ ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది, ప్రైవేటు కంపెనీలు అమెరికా దాకా వెళ్లాయి. విత్తనం ప్రభుత్వానిది, పంట ప్రైవేటుది. 2005లో ఉత్పత్తి పేటెంట్లు తిరిగొచ్చినా పరిశ్రమ కూలిపోలేదని మార్కెట్ పక్షం, అప్పటికే నిలదొక్కుకుంది కాబట్టేనని సోషలిస్టు పక్షం అంటాయి.

మార్కెట్ పక్షం వస్తే ప్రైవేటు పోటీతో ఫోన్లు అందరికీ అందాయని తప్పక చెప్తావు. చెప్పు గానీ, 1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రావడం, 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చెయ్యడం కూడా నీ నోటి నుంచే రావాలి. నియంత్రణ లేని మార్కెట్‌ను సమర్థిస్తున్నావన్న నింద అక్కడితో పోతుంది. సోషలిస్టు పక్షం వస్తే 2010 నాటి మన సూక్ష్మరుణాల సంక్షోభం తీసుకో. ఒకే మహిళకు మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చి వారం వారం వసూళ్లకు దిగాయి. కానీ ఆ కంపెనీల్ని కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన అక్టోబర్ ఆర్డినెన్స్ తరవాత వసూళ్లు కుప్పకూలి, పేదలకు ఆ అప్పు దొరకడమే కష్టమైందన్న ఎదురుదెబ్బకు జవాబు ముందే చూసుకో.

మాట్లాడే తీరు గురించి కొంచెమే. ఐదు నిమిషాలంటే తెలుగులో దాదాపు 450 మాటలు, 500 దాటితే పరుగెత్తాల్సి వస్తుంది. మొదటి నిమిషం ఆ మూడు ప్రశ్నలకు, రెండున్నర నిమిషాలు ఒకే ఒక్క ఉదాహరణకు, మిగిలింది ఎదుటివాడి బలమైన వాదన ఒప్పుకుని తిప్పికొట్టడానికి. అంకెలు ఆరుకు మించొద్దు, సంవత్సరం చెప్పకుండా ఏ అంకే వద్దు. ప్రతివాది మాట్లాడుతుంటే అతని వాక్యాన్ని అతని మాటల్లోనే రాసుకో, నీ మాటల్లోకి మార్చి రాస్తే 'నేనలా అనలేదే' అంటాడు, అక్కడే అర నిమిషం పోతుంది. ప్రశ్నల రౌండులో 'మీరు చెప్పినదాంట్లో ధర ఎవరు నిర్ణయిస్తారు?' అని అడిగి ఆగిపో. ఆ మౌనాన్ని నువ్వు పూడ్చకు.

రెండు పక్షాలకూ చెరొక చిత్తుప్రతి రాసి ఆదివారంలోగా పంపు. ముందు నీకు నచ్చని పక్షానిది రాయి.

ఆశీస్సులతో,
మావయ్య