ఏడు దేశాలా, మూడు దేశాలా?

అన్నా, యూరప్ ట్రిప్‌కు ఏడు దేశాల ప్లానా, మూడు దేశాల ప్లానా అని అడిగారు కదా, 14 రోజుల్లో లండన్‌తో కలిపి ఏడు దేశాల ప్లాన్ వద్దు. అమ్మానాన్నలతో పోతున్నారు, పెట్టెలు సర్దుడుకే సరిపోతుంది. పైగా బ్రిటన్ షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో) లేదు, దానికి వేరే వీసా, వేరే ఫీజు.

పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ ప్లానే నయం. పారిస్ నుంచి జ్యూరిక్‌కు నేరుగా రైలుంది, నాలుగు గంటల పైచిలుకు. హన్మకొండ నుంచి శంషాబాద్‌కు ట్రాఫిక్‌లో పోయినంత! విమానం టికెట్ మాత్రం పారిస్‌లో దిగి, రోమ్‌లో ఎక్కేలా తీసుకోండి. మళ్లీ పారిస్ దాకా వెనక్కి రావడం ఒక రోజు దండగ.

షెంజెన్ వీసాకు మీరు ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే అప్లై చేయాలి. సమానమైతే మొదట దిగే దేశానికి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

సకినాలు కట్టుకపోండి. పాలకోవా, నెయ్యి వద్దు, పాల పదార్థాలను అక్కడ రానివ్వరు.